అభిమానుల ఉన్నతస్థాయి సమీక్ష

ఈ సీజన్‌లో మన జట్టు ఒక్క గోల్ కూడా వేయకపోవడం వైఫల్యం కాదనీ, అది పొదుపనీ క్రీడల మంత్రిగారు స్టేడియం మెట్ల మీద నిలబడి ప్రకటించారు. వేయని గోల్స్ ఎక్కడికీ పోవు, ప్రజల సొత్తుగా భద్రంగా ఉంటాయన్నారు. అయినా జనం సణుగుతున్నారు కనుక, జట్టు అటాక్ ఎలా ఉందో, మిడ్‌ఫీల్డ్ ఎలా ఉందో ఇకమీదట కోచ్ చెప్పక్కర్లేదనీ, అభిమానులే ఉన్నతస్థాయి సమీక్ష జరిపి చెబుతారనీ అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. కోచ్ కూడా కొట్టాడు. ఆయన నెత్తి మీది బరువు దిగిపోయింది మరి.

సమీక్షా సంఘానికి అధ్యక్షుడెవరన్నది మంత్రిగారు కారెక్కుతూ ఆలోచించారు. ఎదురుగా కళ్ళజోళ్ళ షాపు కనబడింది.

"ఊరికి చూపిచ్చే మనిషిని మించినవాడు దొరుకుతాడటయ్యా?" అని పీఏని అడిగారు.

దొరకడన్నాడు పీఏ.

అందరూ అద్దాలాయన అని పిలుచుకునే ఆ షాపాయన అప్పుడు ఓ ముసలామె ముక్కు మీద ఫ్రేము సరిచేస్తున్నాడు. ఆయన మెళ్ళో ఎప్పటిలాగే ఇత్తడి ఈల వేలాడుతోంది. గోల్ పడ్డ రోజున ఊదాలని సీజన్ మొదట్లో కొన్నాడు. దాని గొంతు ఎలా ఉంటుందో ఇంతవరకూ ఆయనకే తెలియదు. పీఏ వచ్చి అధ్యక్ష పదవి సంగతి చెప్పగానే, సంతోషంలో ముసలామె కళ్ళజోడు తను పెట్టుకుని, తన కళ్ళజోడు ఆమెకిచ్చి పంపేశాడు.

ఇంటికొచ్చేసరికి భార్య పెరట్లో మేనల్లుడి జెర్సీ పిండుతోంది. మేనల్లుడు జట్టులో మిడ్‌ఫీల్డ్ ఆడతాడు. ఆట కోసమే తల్లిని వదిలి మామయ్య ఇంట్లో ఉంటున్నాడు.

"అటాక్‌లో ఆడేది మంత్రిగారి బావమరిది" అంది ఆవిడ అంతా విని. "మిడ్‌ఫీల్డ్‌లో ఆడేది మన అబ్బాయి. తప్పెవరిదో తేల్చే కుర్చీ మీకిచ్చారు. ఎందుకిచ్చారో తెలియట్లేదా?"

"నా చూపు నచ్చి ఇచ్చారు."

"నా భయమూ అదే."

మేనల్లుడు బూట్లకంటిన మట్టి గీకుతూ నవ్వాడు. "మామయ్యా, నేను బంతి ఇచ్చినప్పుడల్లా ఆయన గోల్ స్తంభానికి చేరగిలబడి ఫోన్ మాట్లాడుతుంటాడు. ఓసారి పాస్ వెళ్ళి కాలికి తగిలితే, 'ఎవడ్రా అది, కాల్ కట్టయింది' అన్నాడు."

"అన్నీ చెబుతాగా."

"తప్పు మిడ్‌ఫీల్డ్‌దని తేలిస్తే నన్ను తీసేస్తారట. కోచ్ చెప్పాడు."

"కుర్చీలో నేనుండగా ఎవడు తీస్తాడురా?"

"మీరు కళ్ళతో చూసింది చూసినట్టు చెప్పండి, చాలు" అంది భార్య, జెర్సీని గట్టిగా దులిపి తీగ మీద వేస్తూ. "వీడి చేత ఆట మానిపించి వీళ్ళమ్మ దగ్గరికి పంపడం నా వల్ల కాదు."

మొదటి సమావేశం స్టేడియంలోని వీఐపీ గదిలో జరిగింది. సభ్యులకు టోపీలూ బ్యాడ్జీలూ ఇచ్చారు. మిడ్‌ఫీల్డ్‌ని కూర్చుని ఏమైనా అనవచ్చనీ, అటాక్ గురించి మాట్లాడేటప్పుడు మాత్రం లేచి నిలబడాలనీ పీఏ నియమం చెప్పాడు.

"మన అటాక్ ఈ సీజన్‌లో ఎన్ని షాట్లు కొట్టింది?" అని బేకరీ ఆయన లేచి అడిగాడు.

"ఒక్కటీ లేదు" అన్నాడు అద్దాలాయన.

రిటైరైన లెక్కల మాస్టారు కళ్ళు మూసుకుని లెక్క కట్టారు. "అంటే ఒక్కటీ గురి తప్పలేదన్నమాట. నూటికి నూరు."

గదంతా మెచ్చుకుంది.

"పైగా ఎప్పుడు చూసినా గోల్ దగ్గరే ఉన్నారు. కదిలితే ఒట్టు" అన్నాడు బేకరీ ఆయన.

"నిలకడ" అన్నాడు పీఏ.

"మరి లోపం ఎక్కడుంది?" అన్నారు మాస్టారు.

"బంతిలో ఉంది. అది వారి దగ్గరికి వెళ్ళిన మాట నిజమే కానీ, వెళ్ళిన తీరు బాగోలేదు" అన్నాడు పీఏ.

"పంపిందెవరు?"

"మిడ్‌ఫీల్డ్" అన్నారు అందరూ కూర్చునే.

అద్దాలాయన గొంతు సవరించుకున్నాడు. "మావాడు పాస్ బాగానే ఇచ్చాడండీ. వారు అప్పుడు ఫోన్‌లో..."

"పెద్దమనిషి ఫోన్‌లో ఉన్నప్పుడు మీదకి బంతి తన్నడం మర్యాదేనా, అధ్యక్షా?" అన్నాడు పీఏ. అంటూనే కనుసైగ చేశాడు. మామూలు కుర్చీ తీసుకెళ్ళి చక్రాల కుర్చీ తెచ్చారు. అద్దాలాయన కూర్చుని ఒకసారి గిర్రున తిరిగి చూశాడు. కుర్చీ ఆగేసరికి ఆయన అభిప్రాయం సగం తిరిగిపోయింది.

ఆ మీదట సమీక్ష ఊరికి పూనకంలా పట్టుకుంది. ఎడమకాలికో ఉపసంఘం, కుడికాలికో ఉపసంఘం వేశారు. గోల్‌కీపర్ ఆవులింతలను పరిశీలించడానికి దంతవైద్యుణ్ణి నియమించారు. మ్యాచికి రానివాళ్ళు కూడా సమీక్షకు కుటుంబాలతో వచ్చారు. పెళ్ళిచూపులకు వెళ్ళిన ఒక కుర్రాడు తనకు ఉద్యోగం లేకపోయినా త్రో-ఇన్ ఉపసంఘంలో సభ్యత్వం ఉందని చెప్పుకుంటే, అమ్మాయి తండ్రి ఆలోచించి చెబుతానన్నాడట.

జనాన్ని చూసి మంత్రిగారు ముచ్చటపడ్డారు. తుది సమీక్ష ఆదివారం నాడు గ్రౌండ్‌లోనే బహిరంగంగా జరపాలన్నారు.

"ఆదివారం మ్యాచుందండీ. పక్క ఊరి జట్టు వస్తోంది" అన్నాడు పీఏ.

"రానీవయ్యా. బస్సు డిపో వెనక ఖాళీ జాగా ఉందిగా. ఆటదేముంది, ఎక్కడైనా ఆడుకోవచ్చు. సమీక్షకి గ్రౌండుండాలి."

మైదానం నడిబొడ్డున వేదిక కట్టారు. గోల్ వలలకు లౌడ్‌స్పీకర్లు వేలాడదీశారు. ఉత్తమ అటాక్ పతకం అందుకోవడానికి బావమరిదిగారు వేదిక మీద ఉండాలి కనుక, డిపో మ్యాచికి ఆయన్ని మినహాయించారు. ఆయన స్థానంలోకి కాస్త ముందుకు జరిగి ఆడమని కోచ్ మేనల్లుడికి చెప్పాడు. ఎలాగూ వాడికదే ఆఖరి ఆట.

ఆదివారం అద్దాలాయన ఇస్త్రీ చొక్కా వేసుకుంటుంటే భార్య చెయ్యి చాపింది.

"ఆ ఈల ఇలా ఇవ్వండి. సమీక్షలో గోల్ పడదుగా."

"నువ్వెక్కడికి?"

"డిపోకి. చూడ్డానికి."

ఆయన ఈల తీసి ఇచ్చాడు. జేబులో పీఏ ఇచ్చిన తీర్పు ఉంది. అందులో ఉన్నవి రెండే వాక్యాలు. ఫలితాలకు బాధ్యత మిడ్‌ఫీల్డ్‌ది అన్నది ఒకటి. కనుక ఆ ఆటగాణ్ణి తొలగిస్తున్నాం అన్నది రెండోది.

గ్రౌండ్ కిక్కిరిసింది. బావమరిదిగారు పతకం వేయించుకుని ఫోన్ మాట్లాడుతున్నారు. అద్దాలాయన మైకు ముందుకొచ్చి చదివాడు.

"ఈ సీజన్‌లో జట్టు సాధించిన సకల ఫలితాలకూ పూర్తి బాధ్యత మిడ్‌ఫీల్డ్‌దేనని..."

డిపో వైపు నుంచి కీచుమని ఈల వినబడింది. ఆ గొంతు ఆయన ఎన్నడూ వినలేదు. అయినా పోల్చుకున్నాడు. 

"...ఈ సంఘం ఏకగ్రీవంగా..."

మళ్ళీ ఈల. ఈసారి తెరిపి లేకుండా, ఊదే మనిషి ఊపిరి ఆగిపోతుందేమో అన్నంతసేపు మోగింది.

అద్దాలాయన కాగితం మైకు మీదే వదిలేసి వేదిక మీంచి దూకాడు. చెప్పు ఒకటి జారిపోయినా ఆగలేదు. అధ్యక్షుడే పరిగెడుతున్నాడంటే అది సమీక్షలో భాగమే కావాలనుకుని ఉపసంఘాలన్నీ లేచాయి. ఎడమకాలి సంఘం, కుడికాలి సంఘం పోటీలు పడి పరిగెత్తాయి. వెనకాల టోపీ పట్టుకుని లెక్కల మాస్టారు పరిగెత్తారు. వేదిక ఖాళీ అయిపోతుంటే బావమరిదిగారికి కూడా పరిగెత్తక తప్పలేదు.

"చూశారా, చూశారా, పరిగెడుతున్నారు" అని బేకరీ ఆయన రొప్పుతూనే నమోదు చేశాడు.

అందరూ వెళ్ళేసరికి ఆట అయిపోయింది. పక్క ఊరివాళ్ళు తలలు వేలాడేసుకుని బస్సెక్కుతున్నారు. మేనల్లుడు డిపో కుళాయి దగ్గర మోకాళ్ళు కడుక్కుంటున్నాడు. భార్య ముఖం ఈల ఊది ఊది ఎర్రగా ఉంది.

"ఎవరు వేశారు?" అన్నాడు అద్దాలాయన.

"మీ బాధ్యత గలవాడే" అంది ఆవిడ. "మైకు ఇక్కడికీ వినబడింది లెండి."

అంతలో మంత్రిగారి కారు వచ్చి ఆగింది. సమీక్ష మొదలుపెట్టిన నెలలోనే గోల్స్ పడ్డాయని మంత్రిగారు దిగుతూనే అభినందించారు. అయితే సకల ఫలితాలకూ మిడ్‌ఫీల్డే బాధ్యత అని అధ్యక్షులవారు మైకులో అనేశారని పీఏ చెవిలో ఊదాడు. మంత్రిగారు బావమరిదిని దగ్గరికి పిలిచారు.

"అటాక్ లేకుండా గోల్ ఎలా పడుతుందయ్యా? మావాడి పాత్ర బయటికి రావాలి. అభిమానుల ముందే గోల్ మళ్ళీ వేయిద్దాం. అధ్యక్షులవారు చూసి, ఈల ఊది ధ్రువీకరిస్తారు. తొలగింపు సంగతి ఆ తరవాత."

గోల్‌కీపర్ని పక్కకి తప్పించారు. బంతిని గోల్ ముందు, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా పెట్టారు. బావమరిదిగారు ఫోన్ పీఏ చేతికిచ్చి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి వచ్చి తన్నారు. బంతి స్తంభం పక్క నుంచి వెళ్ళి, మలుపు తిరిగి, ఆగివున్న ఓ బస్సు కిందికి దూరింది.

మంత్రిగారు చప్పట్లు కొట్టారు. పీఏ కొట్టాడు. ఉపసంఘాలన్నీ కొట్టాయి. లెక్కల మాస్టారు "ఒకటి" అన్నారు.

"కానివ్వండి అధ్యక్షా, ఈల" అన్నారు మంత్రిగారు.

భార్య ఈలను తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. మేనల్లుడు కుళాయి కట్టేసి నిలబడ్డాడు. అద్దాలాయన ఈలను పెదవుల దాకా తీసుకెళ్ళాడు. అక్కడ అది చాలాసేపు ఆగింది. ఆఖరికి దాన్ని మేనల్లుడి మెళ్ళో వేసి మంత్రిగారి వైపు తిరిగాడు.

"నాకు గోల్ కనబడలేదండీ."

చప్పట్లు ఆగిపోయాయి. మంత్రిగారు మాత్రం నెమ్మదిగా ముందుకొచ్చి, ఆయన రెండు భుజాలూ పట్టుకుని జనం వైపు తిప్పారు.

"విన్నారా? సొంత మేనల్లుడు వేసిన గోల్స్ చూడలేదు. నా సొంత బావమరిది వేసిన గోల్ కూడా చూడలేదు. నిష్పక్షపాతమంటే ఇదీ. ఈయన్ని శాశ్వత అధ్యక్షుడిగా ప్రకటిస్తున్నాను."

"అది కాదండీ..." అన్నాడు అద్దాలాయన.

"ఆ వినయం చూడండి" అన్నారు మంత్రిగారు.

అద్దాలాయన భార్య కోసం వెతికాడు. ఆవిడ అప్పటికే మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని, ఆయన చెప్పు ఎక్కడ జారిపోయిందో చూడ్డానికి వెళ్ళింది. 

ఈ సంగతులేవీ తెలియని డ్రైవర్ బస్సు వెనక్కి తీశాడు. దాని కింద బంతి ఢామ్మని పేలింది. తన గౌరవార్థం టపాసు కాల్చారనుకుని మంత్రిగారు వంగి నమస్కారం పెట్టారు.