ఇరవై రెండో నంబరు బిళ్ళ

ఆ ఉదయం భూగోళం మాస్టారి పథకం చాలా చిన్నది. ఏడింటికి రైలు దిగి కోట చూడాలి. ఎనిమిదిన్నరకల్లా ఎక్కెయ్యాలి. పదింటికి రైలు సరస్సు మీది వంతెన దాటేటప్పుడు కిటికీ దగ్గర కూర్చుని ఎర్రతల కొంగలను చూడాలి. ఎండెక్కితే అవి మేతకు లేచిపోతాయనీ, తిరుగు ప్రయాణం ఆ దారిన కాదనీ యాత్ర పుస్తకంలో రాసి ఉంది. ఆ కొంగల బొమ్మ చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టింది ఆయన భార్య.

ముప్పై ఏళ్ళపాటు ఆయన దేశపటం మీద కర్ర ఆనించి నదులూ ఎడారులూ అడవులూ చూపించారు. "మీ కర్ర తిరిగినన్ని ఊళ్ళు నేను తిరగలేదు" అని పోట్లాడి, దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి పద్నాలుగు రోజులు తిరిగే యాత్రా రైల్లో రెండు బెర్తులు ఏడాది ముందే ఆవిడ తీసుకుంది. ఐదు నెలల క్రితం ఆవిడ పోయింది. ఒక బెర్తు రద్దు చేయించడానికి మాస్టారు ఫారం తెచ్చుకున్నారు. కారణం రాయాల్సిన గడి బొటనవేలంత ఉంది. అంత చోటులో ఏం రాయాలో తోచక ఫారం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన జేబులోకి వెళ్ళినవి మళ్ళీ వెలుగు చూడటం అరుదు.

మొదటి రోజు పెట్టె అటెండెంటు రెండు టీలు తెచ్చి, "అమ్మగారేరీ సార్?" అని అడిగాడు. ఉన్నమాట చెబితే అతని మొహం ఎలా మారుతుందో మాస్టారికి తెలుసు. పొద్దున్నే ఒక మనిషిని నొప్పించడం ఎందుకని, "పడుకుందయ్యా" అన్నారు. అటెండెంటు పై బెర్తు మీద ముద్దగా ఉన్న దుప్పటిని చూసి, కప్పులు చప్పుడు కాకుండా పెట్టి, మునివేళ్ళ మీద వెళ్ళిపోయాడు. ఇవాళ నాలుగో రోజు. అతను ఇంకా మునివేళ్ళ మీదే వస్తున్నాడు. రెండో టీ కూడా మాస్టారే తాగుతున్నారు.

ఆ రైల్లో ఒక పద్ధతి ఉంది. తలుపు పక్కన చెక్కపలక, దానికి కొక్కేలు, ఒక్కో కొక్కేనికి నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ. దిగేవాళ్ళు తమ బిళ్ళ తీసుకెళ్ళాలి, ఎక్కగానే తగిలించాలి. కొక్కేలన్నీ నిండితేనే గార్డు జెండా ఊపుతాడు. మాస్టారిది ఇరవై ఒకటి. పక్కనున్న ఇరవై రెండును ఒంటరిగా వదిలి దిగడానికి మనసొప్పక, ఆయన ప్రతిచోటా దాన్నీ వెంట తీసుకెళ్ళేవారు. ఆ పొద్దున ఆవిడ బూడిదరంగు శాలువా కూడా చేతి మీద వేసుకున్నారు.

కోట నిండా పొగమంచు. పది అడుగుల దూరంలో మనిషి నీడలా ఉన్నాడు, ఇరవై అడుగుల దూరంలో అసలు లేడు. యాత్రా రైలు వచ్చిన రోజు తప్ప ఆ గేటు ఎవరూ తియ్యరట. మాట్లాడితే మాట గోడల మధ్య తిరిగి కాస్త ఆలస్యంగా వెనక్కి వచ్చేది, లోపల ఎవరో ఆలోచించుకుని బదులిచ్చినట్టు. మాస్టారు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, రాతిగోడ మీద కాసేపు కూర్చుని, తొందరగానే రైలెక్కేశారు.

ఎనిమిదిన్నరకు ఇరవై రెండో కొక్కెం ఒక్కటే ఖాళీగా ఉంది.

"సార్, అమ్మగారు ఇంకా ఎక్కలేదా?" అన్నాడు అటెండెంటు.

మాస్టారు జేబులన్నీ తిరగేశారు. కళ్ళజోడు పెట్టె వచ్చింది, పెన్సిలు ముక్కలు వచ్చాయి, మడిచిన ఫారం వచ్చింది. బిళ్ళ రాలేదు. "బిళ్ళ ఎక్కడో పడేసినట్టున్నానయ్యా. మనిషి గురించి నువ్వు కంగారు పడకు."

"ఇదేం మాట సార్. కట్టుకున్న మనిషి కనబడకపోతే ఇత్తడి ముక్క కోసం వెతుకుతారేంటి?" అంటూ అటెండెంటు గార్డు కోసం పరుగెత్తాడు.

పక్క గదిలోని వకీలుగారు తల బయటపెట్టారు. "బూడిదరంగు శాలువా ఆవిడేనా? అంచు దగ్గర కాలిన మచ్చ ఉంది, చూడండి. ఆవిడ కోటలో ధాన్యపు కొట్టు మెట్లు దిగుతుంటే రెండడుగుల వెనకనుంచి చూశాను. పిలిచాను కూడా. తిరగలేదు."

మాస్టారు తన చెయ్యి చూసుకున్నారు. శాలువా లేదు. ఆ మచ్చ ఆయన ఇస్త్రీ పెట్టె చేసిన ఘనకార్యం. ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

"ఈ వయసులో ఇదేం తిరుగుడండీ" అంది ఎదుటి గదిలోని వదినగారు. ఆవిడ మరదలితో కలిసి బయలుదేరింది గానీ, మొదటి రోజే మాటలు పట్టింపులకు వచ్చి ఇద్దరూ చెరో గదిలో ఉంటున్నారు. "మా మరదలు చూడండి, నామీద అలిగి తలుపేసుక్కూర్చుంది గానీ రైలెక్కడం మానిందా? దాని బిళ్ళ కూడా నేనే తగిలించాను. దాని చేతికిస్తే పారేస్తుంది."

గార్డు వస్తూనే నల్లట్ట పుస్తకం తెరిచాడు. "మీ ఆవిడని చివరిసారి ఎప్పుడు చూశారండీ?"

మాస్టారు ఇక దాచలేకపోయారు. "ఐదు నెలల క్రితం. దహనం రోజున."

పెన్సిలు ఆగిపోయింది. బయట ఇంజను కూడా ఆ క్షణానే బుస్సుమని ఊరుకుంది.

"మరి నేను టీలు ఇస్తున్నది ఎవరికి సార్?" అన్నాడు అటెండెంటు సన్నగా.

"నాకేనయ్యా. రెండూ నేనే తాగాను. నీకు చెప్పలేకపోయాను."

"మరి నేను చూసిందెవర్ని?" అన్నారు వకీలుగారు. ఆ మాట అంటూనే నెమ్మదిగా లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నారు. తర్వాత పెట్టె పొడవునా ఒక్కొక్క గడియే పడటం వినిపించింది.

నిజం చెబితే గొడవ తీరిపోతుందనుకున్న మాస్టారు గార్డు వైపు ఆశగా చూశారు. "ఇక వెళ్దామా? కొంగలు లేచిపోతాయి. తను చూడాలనుకున్నది అదొక్కటే."

"పోయినవాళ్ళ గురించి నా పుస్తకంలో ఏమీ లేదండీ. ఇరవై రెండు దిగింది, ఎక్కలేదు. అది దొరికితేనే బండి కదులుతుంది. కొంగల గురించి కూడా లేదు."

మాస్టారు, గార్డు, అటెండెంటు మళ్ళీ కోటలోకి నడిచారు. మంచు ఇంకా చిక్కబడింది. రాతిగోడ మీద బిళ్ళ లేదు, శాలువా లేదు. ధాన్యపు కొట్టు మెట్ల దగ్గరికి వచ్చేసరికి కిందనుంచి చప్పుడు వినిపించింది. మూడు దెబ్బలు. ఆగి, మళ్ళీ మూడు.

అటెండెంటు గార్డు చొక్కా పట్టుకున్నాడు. గార్డు జెండా కర్ర ముందుకు పెట్టి, "పట్టాలకు అవతలిది నా పరిధి కాదు" అన్నాడు.

"తప్పుకోండి" అన్నారు మాస్టారు. "తనే అయితే నాకోసమే కదా. ఇంత ఆలస్యమేంటని నాలుగు చివాట్లు పెడుతుంది. అంతేగా."

ఆయన గబగబా మెట్లు దిగారు. అది ధైర్యమని మిగతా ఇద్దరూ అనుకున్నారు. తలుపుకు బయటి గడియ పడి ఉంది. ఆయన దాన్ని లేపారు.

చీకట్లో బూడిదరంగు శాలువా లేచి నిలబడింది. మాస్టారు ఒక అడుగు లోపలికి వేశారు. శాలువా ఇటు తిరిగింది. అందులో ఉన్నది వదినగారి మరదలు.

"అమ్మయ్య, వచ్చారా" అందావిడ. "గోడ మీద ఇది మర్చిపోయారండీ. మీకు ఇద్దామని వెతుక్కుంటూ, చలేసి కప్పుకుని, ఈ మెట్లు దిగాను. గాలికి తలుపు మూసుకుని బయట గడియ పడిపోయింది."

గార్డు పుస్తకం చూసి, ఆవిడని చూసి, మళ్ళీ పుస్తకం చూశాడు. "మీ బిళ్ళ తగిలించే ఉందమ్మా. లెక్క ప్రకారం మీరు రైల్లో ఉన్నారు." అంటే ఇరవై రెండు తప్పిపోకపోతే రైలు ఎనిమిదిన్నరకే వెళ్ళిపోయేది. ఆ గేటు మళ్ళీ తెరిచేది పదిహేను రోజులకు. గార్డు పుస్తకం మూసేశాడు.

"భయం వెయ్యలేదా అమ్మా?" అన్నారు మాస్టారు.

"ముందు వేసింది. తర్వాత తలుపవతల ఒక పెద్దావిడ కబుర్లు చెబుతూ కూర్చున్నారుగా. 'బండి ఎక్కడికీ పోదులే, మా ఆయన బిళ్ళ తగిలించి ఉండరు' అన్నారు. ఆవిడేరీ?"

ముగ్గురూ వెనక్కి చూశారు. మెట్ల మీద మంచు తప్ప ఏమీ లేదు.

"ఇంకేమైనా చెప్పిందా?" అన్నారు మాస్టారు.

"లోపలి జేబులో చూసుకోమన్నారు."

మాస్టారు మూడోసారి తాళాలు పారేసినప్పుడు భార్య ఆయన కోటు లోపల కుట్టిపెట్టిన జేబు అది. అలాంటిది ఒకటుందనే ఆయన మర్చిపోయారు. బిళ్ళ అందులోనే ఉంది, వెచ్చగా. "ఒంటికి ఆనుకుని ఉందిగా, వెచ్చగానే ఉంటుంది" అని గార్డు ఎవరూ అడగకుండానే చెప్పాడు.

మరదలు బయటినుంచి రైలెక్కడం చూసి వదినగారు పలక వైపు ఒకసారి, మూసి ఉన్న గది తలుపు వైపు ఒకసారి చూసింది. "మరి ఇంతసేపూ ఇక్కడ నిలబడి నేను తిట్టింది ఎవర్నే?" అని, మరదలి చెయ్యి పట్టుకుని తన గదిలోకి తీసుకుపోయింది. చాలాసేపు వదల్లేదు.

రైలు వంతెన చేరేసరికి పదకొండు దాటింది. అయితే ఆ రోజు మంచు సరస్సును కూడా వదల్లేదు, పొద్దెక్కిందన్న సంగతి కొంగలకు ఎవరూ చెప్పలేదు. రైలు సరిగ్గా మధ్యకు వచ్చాక తెర తొలగినట్టు ఎండ వచ్చింది. వేల ఎర్రతలలు ఒక్కసారిగా లేచి కిటికీ నింపేశాయి. మాస్టారు పక్కకు జరిగి కిటికీ దగ్గర చోటిచ్చారు.

అటెండెంటు రెండు టీలు తెచ్చి, ఒకటి ఆ ఖాళీ చోటు ముందు పెట్టాడు.

"తను పంచదార వేసుకోదయ్యా."

"వెయ్యలేదు సార్" అన్నాడు అతను, కిటికీ వైపు చూడకుండా.

ఆఖరి పెట్టెలో గార్డు ఆ రోజు ఆలస్యానికి కారణం రాశాడు: "ఒకరు తప్పిపోయారు, వేరొకరు దొరికారు, లెక్క సరిపోయింది."