మెట్ల పక్క చేతిపట్టు

ఎడిన్‌బరోలో మనుషులు పోవచ్చు గాని కట్టడాలు పోకూడదు! ఒకసారి ప్రభుత్వ పురాతన కట్టడాల జాబితాకెక్కిందంటే ఆ ఇంట్లో మేకు కొట్టాలన్నా అర్జీ పెట్టుకోవాలి.

కింద చేపల వేపుళ్ల కొట్టు, పైన నాలుగంతస్తుల కాపురాలు ఉన్న ఆ పాత రాతిమేడ అలా జాబితాకెక్కినదే. మూడో అంతస్తులో ఉండే ఎఫీ గెడ్డెస్‌కు డెబ్బై తొమ్మిదేళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. వడ్రంగి అయిన భర్త డూగల్, పోయిన చలికాలం తాను పోయే ముందు, మెట్ల గోడ పొడుగునా ఓక్ కర్రతో చేతిపట్టు చెక్కి బిగించాడు. అర్జీ పెట్టలేదు. అంత వ్యవధి ఆయనకు లేదు.

మొదటి అంతస్తు పెటిగ్రూ గారు వారసత్వ రక్షణ సంఘాధ్యక్షుడు. డూగల్ అంత్యక్రియల్లో కళ్లు తుడుచుకున్నాడు. మర్నాడే ఫిర్యాదు రాశాడు. దుఃఖం వేరు, నిబంధన వేరు కదా!

తనిఖీకి లోరిమర్ అనే అధికారి వచ్చాడు. కొట్టుకు అటూ ఇటూ ఉన్న స్తంభాలను చూసి వీధిలోనే మైమరచిపోయాడు.

"ఆహా! 1860 నాటివి. జాబితాలో వీటి మీద రెండు పేరాలు నేనే రాశాను. ఇలాంటి పనివాడు ఇప్పుడెక్కడ దొరుకుతాడండీ!"

"దొరకడు," అన్నాడు పెటిగ్రూ. "పైకి రండి, ఆ దరిద్రం కూడా చూద్దురు గాని."

కింద మెట్ల మొదట్లోనే నిలబడి ఉంది ఎఫీ. "నాయనా, దాన్ని పీకేస్తే నేనిక వీధి మొహం చూడలేను. ముందు ఆ స్తంభాన్ని ఒకసారి వేలితో కొట్టి చూడు."

లోరిమర్ కొట్టాడు. ఠక్ ఠక్. బోలు చప్పుడు!

"పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో లారీ గుద్ది రాతివి విరిగిపోయాయి. మా ఆయన చెక్కతో చేసి రాయి రంగేశాడు. వెనకవైపు సంతకం కూడా ఉంటుంది. అప్పుడూ అర్జీ పెట్టలేదు."

పెటిగ్రూ ఇరవయ్యేళ్లుగా ఆ స్తంభాల మీదే ఉపన్యాసాలిస్తున్నాడు.

"మెల్లగా, మిసెస్ గెడ్డెస్, కాస్త మెల్లగా!" అన్నాడు అటూ ఇటూ చూసి.

ఆఫీసు జాబితా తప్పవుతుందా? లోకమే సర్దుకోవాలి! నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది: "సదరు స్తంభాలు, సదరు చేతిపట్టు ఒకే శిల్పి పని. 1860 నాటివి. ఎట్టి పరిస్థితుల్లోనూ తొలగించరాదు."

ఆ శుక్రవారం, మెట్లు కడిగే వంతు తెలిపే అట్టముక్క ఎఫీ తలుపుకు వేలాడింది. మెట్లు కడిగి, చేతిపట్టును తడిగుడ్డతో తుడుస్తుంటే పెటిగ్రూ పరుగున వచ్చాడు.

"అయ్యో, ఆ గుడ్డ తీసెయ్యండమ్మా! తడి తగలకూడదు! నూట అరవయ్యేళ్ల నాటిది!"

"అలాగా బాబూ," అంది ఎఫీ, తుడవడం ఆపకుండా. "అయితే మా ఆయన వయసు దాచి నన్ను పెళ్లి చేసుకున్నాడన్నమాట."