పన్నెండు గుడ్లకు పొగ

ఆ రోజు పొద్దున పిచ్చయ్య పెట్టుకున్న పని ఒక్కటే. పన్నెండు కోడిగుడ్లకు పొగ పట్టించాలి, వాటిలో ఒక్కటైనా సుబ్బరత్నం చేత తినిపించాలి.

సుబ్బరత్నం ఆయన భార్య. టైఫాయిడ్ తగ్గి ఇరవై రోజులైంది గానీ నోటికి రుచి తిరిగి రాలేదు. ఏది పెట్టినా "మట్టి తిన్నట్టుంది" అని పళ్లెం పక్కకు నెట్టేస్తోంది. మనిషి మంచానికి అతుక్కుపోయింది. "ఈ నాలుగు రోజుల్లో తిండి పడకపోతే ఖమ్మం తీసుకుపోయి సెలైన్లు ఎక్కించాల్సిందే" అని బూర్గంపాడులో డాక్టరు చెప్పినప్పటి నుంచి పిచ్చయ్యకు కంటి మీద కునుకు లేదు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆ మహాతల్లి అన్నం వద్దనడం ఆయన ఎన్నడూ చూడలేదు మరి.

ఉపాయం చెప్పినవాడు దూలయ్య. అడవి అంచున గూడెంలో ఉండే పాత స్నేహితుడు. వాళ్లింట్లో పొయ్యి మీద వెదురు తడిక కట్టి చేపలకు పొగ పట్టిస్తారు. ఆ వాసనకే ఆకలి పుడుతుంది.

"చేపలు ఇప్పుడే అరగవు గానీ గుడ్లకు పెట్టు పిచ్చన్నా" అన్నాడు దూలయ్య. "ఉడకబెట్టి, పొట్టు తీసి, జల్లెడల పెట్టు. కింద రెండు మద్ది కట్టెలు, మీద తడి ఊక. మంట లేవొద్దు, పొగ ఆగొద్దు. నువ్వు మాత్రం ఆడికెంచి కదలొద్దు. కదిలినవంటే గుడ్లు బొగ్గులైతయి."

పిచ్చయ్య అన్నీ ఆలోచించే చేశాడు. అదే వచ్చిన చిక్కు. పెరట్లో పెడితే పొగంతా సుబ్బరత్నం గదిలోకి పోతుందని వీధి వాకిట్లో పెట్టాడు. ఇత్తడి గిన్నె మసిబారితే ఆమె లేచాక ఊరుకోదని గుడ్లు కొత్త కుండలో ఉడకబెట్టాడు. మాత్ర వేసుకుని అప్పుడే నిద్రపోయిన మనిషికి మెలకువ రాకూడదని తలుపు దగ్గరికి లాగి బయట గొళ్లెం పెట్టాడు. నెత్తికి తడి తువ్వాలు చుట్టుకుని నిప్పు పక్కన నేల మీద చతికిలబడ్డాడు. యాభై ఐదేళ్ల రైతు పెళ్లానికి వంట చేస్తున్నాడంటే ఊరు నవ్వుతుందని జల్లెడ మీద గోనెసంచి కూడా కప్పాడు.

ఇక చూడండి. ఇంటి ముందు రెండు కట్టెలు రాజుకుంటున్నాయి. పక్కన కొత్త కుండ. తలుపులు మూసి ఉన్నాయి. తడి తువ్వాలుతో ఇంటి యజమాని నేల మీద కూర్చుని కళ్లనీళ్లు కారుస్తున్నాడు. ఇంట్లో ఎవరైనా పోతేనే గానీ వాకిట్లో అట్లా నిప్పు వెయ్యరు. ఆ ఇంట్లో మంచం పట్టింది ఎవరో ఊరందరికీ తెలుసు.

మొదట చూసింది తొమ్మిది గంటల భద్రాచలం బస్సు. కండక్టర్ రాందాస్ గంట కొట్టి బస్సు ఆపించాడు.

"పిచ్చన్నా! ఏందే ఇది? వదిన..."

పిచ్చయ్య నోరు తెరిచాడు. గుప్పెడు పొగ గొంతులోకి పోయింది. దగ్గుతూ, మాట రాక, వెళ్లు వెళ్లు అన్నట్టు చెయ్యి ఊపాడు.

"అయ్యో, అయిపోయిందా!" అని రాందాస్ నెత్తి కొట్టుకున్నాడు. బస్సులో ఉన్నవాళ్లంతా కిటికీల్లోంచి దండం పెట్టారు. పొద్దున్నే ఇంత మర్యాద ఎందుకో తెలియకపోయినా, పెట్టినవాళ్లకు తిరిగి పెట్టకపోతే బాగుండదని పిచ్చయ్య కూడా దండం పెట్టాడు.

బస్సు కదిలిందో లేదో పక్కింటి దర్జీ షుకూర్ భార్య సఫూరా పరుగెత్తుకొచ్చింది.

"యా అల్లా! అన్నా, ఒక్కసారి అక్క మొహం చూసొస్త."

"వద్దమ్మా. ఇప్పుడే పండుకుంది. లేపకు" అన్నాడు పిచ్చయ్య, బొంగురుపోయిన గొంతుతో.

సఫూరా కొంగు నోట్లో కుక్కుకుంది. "ఇంకా పండుకుందనే అనుకుంటుండు పాపం" అని గోడ పక్కన కూలబడి ఏడ్చింది. పొగ అటు కొడుతోందని పిచ్చయ్య నొచ్చుకున్నాడు.

"ఇటు జరుగమ్మా, కళ్లు మండుతయి."

ఇంత దుఃఖంలోనూ తన కళ్ల గురించి అడిగాడని ఆమె ఇంకా గట్టిగా ఏడ్చింది.

గంట తిరిగేసరికి వాకిట్లో ముప్ఫై మంది పోగయ్యారు. అందరి కళ్లలోనూ నీళ్లే. అంత పొగలో ఎవరికైనా అంతేలెమ్మనుకున్నాడు పిచ్చయ్య. ఆయన దిగులు వేరు. వాసన ఊళ్లోకి కొట్టినట్టుంది. ఇంతమంది వస్తే పన్నెండు గుడ్లు ఏ మూలకు? గోనెసంచి అంచులు ఇంకాస్త కిందికి లాగి దోపాడు.

ఊరి పెద్ద వెంకటప్పయ్య వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "లే పిచ్చయ్యా, లేచి నాలుగు చెంబులు నీళ్లు పోసుకో. జరగాల్సింది మేం చూస్తం."

"నేను లేస్తే మొత్తం పాడైతది. ఇంకో గంట ఉండనియ్యిరి."

"ఉండనియ్యిరయ్యా" అన్నాడు వెంకటప్పయ్య జనంతో. "భద్రాచలం నుంచి రత్నం చెల్లెలు హైమ రావాలె గదా. రాందాస్ కబురు చెప్పే ఉంటడు."

అంతలో బొజ్జయ్య రెండు పచ్చి వెదుళ్లు భుజాన వేసుకొచ్చాడు. బీరపాదు పందిరికి వెదుళ్లు కావాలని దసరా నుంచి అడుగుతుంటే ఉలకని పలకని మనిషి!

"ఇయ్యాలనా తీరింది నీకు?" అన్నాడు పిచ్చయ్య.

"ఇయ్యాల కాకపోతే ఇంకెప్పుడు పిచ్చన్నా" అని బొజ్జయ్య బావురుమన్నాడు.

భద్రాచలం పోయిన బస్సు తిరిగొచ్చింది. అందులోంచి హైమ దిగింది. అక్కడి బడిలో టీచరు. జుట్టు విడిపోయి, చెప్పులు కూడా లేకుండా దిగింది.

"అక్కా! నన్ను ఒంటరిదాన్ని చేసి పోయినవా అక్కా!"

పరుగున వచ్చి తలుపు మీద పడబోయి జల్లెడ మీద పడింది. గోనెసంచి ఎగిరిపోయింది. లేత బెల్లం రంగు తిరిగిన గుడ్లు ముప్ఫై మంది కాళ్ల మధ్య దొర్లాయి. ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"ఎవరు పోయిండ్రు?" అన్నాడు పిచ్చయ్య.

ఆయన హైమను చూశాడు, వెదుళ్లను చూశాడు, కొత్త కుండను చూశాడు. ఇంతమంది ఏడుస్తున్నారంటే ఉత్తినే ఏడుస్తారా? పొద్దుటి నుంచి ఒక్కసారైనా లోపలికి పోయి చూసిందెవరు? తనకొక్కడికే తెలియదా? నిప్పు వదిలేసి తలుపు దగ్గరికి ఉరికాడు. ఎంత లాగినా గొళ్లెం ఊడి రాలేదు.

"రత్నం! ఓ రత్నం!"

లోపలి నుంచి తలుపు దబదబా మోగింది.

"బయట గొళ్లెం ఎవరు పెట్టిండ్రయ్యా? నేనేమన్న కోడిపెట్టనా, గంప కింద కమ్మి పెట్టడానికి?"

ఎట్లాగో గొళ్లెం ఊడింది, తలుపు తెరుచుకుంది. గడప పట్టుకుని నిలబడ్డ సుబ్బరత్నాన్ని చూసి సఫూరా కెవ్వుమంది. బొజ్జయ్య వెదుళ్లు వదిలేసి రోడ్డెక్కాడు. సుబ్బరత్నం కట్టెల్ని, జనాన్ని, నేల మీద బోర్లా పడ్డ చెల్లెల్ని ఒక చూపు చూసింది.

"ఓహో, గింత దాక వచ్చిందా!" అంది. ఆ తర్వాత ముక్కు ఎగబీల్చింది. "ఆ వాసనేంది?"

వంగి ఒక గుడ్డు తీసుకుంది. కొంగుతో తుడిచి కొరికింది. మెల్లగా నమిలింది, మింగింది, రెండో ముక్క కొరికింది. గుడ్డు అయిపోయింది.

"ఇంకోటియ్యి" అంది.

పిచ్చయ్య ఆ మాట విని, ఊరంతా చూస్తోందన్న సిగ్గు కూడా లేకుండా, భోరుమని ఏడ్చాడు.

"నువ్వు తినకపోతే ఎట్లనే... నాకు మస్తు భయమైంది రత్నం."

"ఇరవై రోజుల్ల గీ ఒక్కటే బువ్వ లెక్క ఉంది. ఏడుపు ఆపి ఉప్పు తే, పో" అంది సుబ్బరత్నం. కానీ ఆయన చెయ్యి మాత్రం వదల్లేదు. ఉప్పు సఫూరాయే తెచ్చింది.

ఆ పూట ఆమె నాలుగు గుడ్లు తిన్నది. ఖమ్మం ప్రయాణం తప్పింది. వచ్చినవాళ్లు నవ్వుకుంటూ, పిచ్చయ్యను తిడుతూ, తలా ఒక ముక్క నోట్లో వేసుకుని వెళ్లిపోయారు. హైమ ఒక్కతే మొహం వేలాడేసుకుని కూర్చుంది. అక్క పోయిందని రాసి బడిలో పదకొండు రోజుల సెలవు చీటీ ఇచ్చి వచ్చిందట. హెడ్మాస్టరు అప్పటికప్పుడే పిల్లల్ని వరసగా నిలబెట్టి రెండు నిమిషాలు మౌనం కూడా పాటింపజేశాడట. ఇప్పుడు రేపే పోయి అక్క లేచి కూర్చుందని ఏ మొహంతో చెప్పడం?

చేసేది లేక హైమ ఆ పదకొండు రోజులూ అక్కడే ఉండిపోయింది. మూడో రోజు నుంచి వంట మాత్రం పోయినావిడే చేసింది.