ఈనిడమ్మ పిలుపు

ఆ సోమవారం పొద్దున ఈనిడమ్మ అనుకున్నదల్లా పోస్టులో ఒక కవరు వేసి, అరడజను గుడ్లు కొనుక్కుని ఇంటికొచ్చి పడదామనే. పోస్టాఫీసు గుమ్మంలో కొత్త పాస్టరు హంఫ్రీ ఎదురయ్యాడు. ముప్ఫై ఏళ్లుగా హార్త్‌వెయిట్ ఊళ్లో కనబడిన ప్రతివాళ్లతోనూ అన్నట్టే ఆయనతోనూ అంది.

"మీరొకసారి మా ఇంటికి టీకి రావాలండీ!"

ఆ మాటకు "తప్పకుండా" అనేసి ఎవరి దారిన వాళ్లు పోవడం ఆ ఊరి మర్యాద. ఏ రోజో, ఏ వేళకో చెప్పనిది పిలుపే కాదని అక్కడ పాలుతాగే పిల్లలకూ తెలుసు. పాపం, హంఫ్రీ కెన్యాలో పెరిగినవాడు.

"రేపు నాలుగింటికి రానా? శనివారం జామ్‌ల పోటీకి తీర్పరిని నేనే. మీ నారింజ జామ్ ఎలా చేస్తారో వంటింట్లో నిలబడి చూడాలని ఉంది!"

అలవాటు కొద్దీ ఈనిడమ్మ నోట "తప్పకుండా" అని వచ్చేసింది. వరసగా పదకొండేళ్లు మొదటి బహుమతి తెచ్చిన ఆ జామ్ ఆమె ఏనాడూ వండిన పాపాన పోలేదు. పట్నంలో కొనడం, సీసా మార్చడం, అంతే. బయటపడితే ఇక చర్చిలో ఏ మొహం పెట్టుకుని కూర్చుంటుంది?

పాస్టరు ఆ సంతోషం పోస్టాఫీసంతా పంచాడు. "మనల్నీ ఎన్నిసార్లు పిలిచిందో! వెళ్లకపోతే ఏమనుకుంటుంది?" అనుకున్నారు జనం.

మంగళవారం నాలుగింటికి తలుపు తీస్తే పాస్టరు వెనక పద్నాలుగు మంది! అంగడి సీసాలన్నీ ఓవెన్లో కుక్కేసి ఉన్నాయి. ఈనిడమ్మ చేతిలో టీ కప్పు టకటకా కొట్టుకుంటోంది.

"ఏమే, చలేస్తోందా? ఉండు, బన్నులు నేను వేడిచేస్తా," అంటూ వంటింట్లోకి నడిచింది మ్యూరియెల్. పదకొండేళ్లుగా రెండో బహుమతి ఆవిడదే.

"వద్దే! నీకు పుణ్యముంటుంది!"

ఓవెన్ తలుపు తెరుచుకుంది. మ్యూరియెల్ చూసింది. వెనకే పాస్టరు అడుగుల చప్పుడు. ఈనిడమ్మ కళ్లు మూసుకుంది.

ఠప్పున తలుపు మూసేసి, "బన్నులు చల్లగానే బావుంటాయండీ పాస్టరు గారూ, పదండి పదండి," అని ఆయన్ని బయటికి తోసింది మ్యూరియెల్. తర్వాత పళ్లు నూరుతూ ఈనిడమ్మ చెవిలో గొణిగింది.

"నాదీ ఆ అంగడి జామేనే దొంగమొహమా! మరి నాకెప్పుడూ రెండో బహుమతేమిటి?"

ఆరింటికి పాస్టరు కోటు తొడుక్కుంటూ, "మీరంతా ఒకసారి మా ఇంటికి రావాలి," అన్నాడు.

"తప్పకుండా," అన్నారు పదిహేను మందీ. ఎప్పుడని ఒక్కరూ అడగలేదు.