అడ్డతీగకు మూడు సంతకాలు

ఒక పెద్ద అడవిలో, పులి కూడా అర్జీ పెట్టుకుంటే తప్ప గర్జించని రోజుల్లో, గుబురప్ప అనే ఎలుగుబంటి తేనె కార్ఖానా నడిపేవాడు. తేనె ఆయనది కాదు, ఈగలది. కొండచరియ ఆయనది కాదు, దేవుడిది. చరియ దిగి తేనెపట్టు కోసేది కొండముచ్చులు. ఇవన్నీ పోగా మిగిలిన కష్టమంతా గుబురప్పదే.

కొండముచ్చుల్లో ఓబులమ్మది అందెవేసిన చెయ్యి. నడుముకు బుట్ట కట్టుకుని, అడ్డతీగ పట్టుకుని, ఇరవై నిలువుల లోతు దిగి వచ్చేది. ఆ తీగ కట్టి ఏడేళ్ళయింది. నడిమధ్యన నార లేచిపోయి, పట్టుకుంటే అరచేతిలో పొడి రాలుతోంది. పోయిన వానాకాలం ఓబులమ్మ అన్న ఇలాంటి తీగ తెగే నడుం విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు ఆమె తెచ్చి పెడితేనే తింటున్నాడు. అందుకని ఓబులమ్మకు ఆ తీగంటే భయం, దాన్ని దాచుకోలేదు కూడా. ఆమె కోరింది ఒక్కటే, కొత్త తీగ.

అడుగుదామంటే అధికారులకేం కొదవ లేదు. నాణ్యత చూసుకోవడానికి చిలక, పర్యావరణం చూసుకోవడానికి జింక, భద్రత చూసుకోవడానికి తాబేలు. ముగ్గురికీ మూడు దస్త్రాలు, మూడు తనిఖీలు.

పొద్దున్నే చిలక వచ్చి, "చేతులు కడిగావా?" అనేది. ఓబులమ్మ కడిగేది. వెంటనే జింక వచ్చి, "అన్ని నీళ్ళు పారబోస్తావా? వాగు ఎండిపోదూ?" అని రాసుకునేది. ఎప్పటికో తాబేలు వచ్చి, "తడిచేతులతో తీగ పట్టుకుంటావా? జారదూ?" అని వెనక్కి పంపేవాడు. ఆరబెట్టుకుని వచ్చేసరికి చేతులకు దుమ్ము. మళ్ళీ చిలక. చివరికి పట్టు దగ్గరికి చేరేసరికి మిట్టమధ్యాహ్నమై, ఈగలు మంచి కోపం మీద ఉండేవి.

తీగ సంగతి ఎత్తితే మాత్రం ముగ్గురూ, "అది నా దస్త్రం కాదే" అనేవాళ్ళు. ఒక్క తాబేలు మాత్రం నెలనెలా 'తీగ పాతబడింది' అని రాసి, తన పని అయిపోయిందనుకుని నిద్రపోయేవాడు.

ఇంతలో మృగరాజు కొలువు నుంచి చాటింపు వచ్చింది. నాణ్యత, పర్యావరణం, భద్రత మూడూ ఒకే వ్యవస్థగా నడిపే కార్ఖానాకే ఇకమీదట రాజుగారి వంటశాలకు తేనె పంపే పట్టా! గుబురప్ప ఆ రాత్రి నిద్రపోతే ఒట్టు. తెల్లారి పక్క అడవిలో పేరుమోసిన సలహాదారు నక్కను పిలిపించాడు.

నక్క కార్ఖానా అంతా ఒక్క చుట్టు తిరిగి, "మీ జబ్బేమిటో తెలిసింది దొరా. మీరు మూడు కళ్ళతో చూస్తున్నారు. ఒక్క కంటితో చూడాలి" అంది.

"మరి మిగతా రెండు కళ్ళు?"

"మూసేద్దాం. సమీకరణ అంటే అదే."

గుబురప్పకు సగమే అర్థమైంది. అందుకే చాలా నచ్చింది.

నక్క మూడు దస్త్రాల్ని కలిపి ఒకటిగా కుట్టేసింది. అది మోయడానికి ఇద్దరు కావలసి వచ్చింది. అందులో ప్రతి ప్రశ్నకూ ఒకే గడి, ఒకే జవాబు, కింద మూడు సంతకాలు. నక్క అందరి ముందూ చదువుతూ పదిహేడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఓబులమ్మ చెట్టు దిగి దగ్గరికి జరిగింది. 'తీగ మార్చాలా?'

"మార్చొద్దు, మార్చొద్దు" అంది చిలక. "కొత్త తీగ వగరు పది రోజులదాకా తేనెకు అంటుతుంది. రుచి పోతుంది, రుచి పోతుంది."

"పచ్చటి తీగను నిలువునా కోస్తారా? పాపం కాదూ!" అంది జింక. దాని నోట్లో అప్పుడే కొరికిన అడ్డతీగ చిగురు సగం బయటికి వేలాడుతోంది.

తాబేలు గొంతు సవరించుకుని, "మార్చాలి. అది ఇవాళో రేపో తెగుతుంది" అన్నాడు.

"రెండు వద్దులు, ఒక అవును" అని నక్క లెక్క తేల్చింది. "సమీకృత అభిప్రాయం, మార్చనక్కర్లేదు."

"అదేమిటయ్యా! తెగుతుందా లేదా అన్నది చేతులెత్తి తేల్చేదా?" అన్నాడు తాబేలు.

"ఇదివరకు మీ మాట మీ దస్త్రంలో ఒంటరిగా పడి ఉండేది కదా తాబేలుగారూ. ఇప్పుడు దానికి తోడు దొరికింది. అందరూ ఒక దారిన పోతుంటే మీరొక్కరే అడ్డం పడితే దొరగారు ఏమనుకుంటారు?"

తాబేలు దొర మొహం వంక చూశాడు. తర్వాత తల లోపలికి లాక్కుని, కాలొక్కటే బయటికి చాపి సంతకం చేశాడు.

ఓబులమ్మ ఇక ఊరుకోలేకపోయింది. "ఇన్ని గడులు గీసినారే, నా పానం ఏ గడిలో రాసినారయ్యా?"

"అన్ని గడుల్లోనూ నువ్వే ఉన్నావమ్మా. అందుకే నీకు వేరే గడి పెట్టలేదు" అని నక్క ఆప్యాయంగా నవ్వింది.

పట్టా ఇచ్చేముందు పరీక్ష చేయడానికి కొలువు నుంచి కొంగ వచ్చింది. ఒంటికాలి మీద నిలబడి దస్త్రమంతా చదివి, తల ఊపి ఊపి ఆనందించింది. "చాలా బాగుంది. ఇక ఒకసారి దిగి చూపించండి."

అందరూ ఓబులమ్మను చూశారు.

"నేను దిగను" అంది ఓబులమ్మ.

గుబురప్ప బొచ్చు నిక్కబొడుచుకుంది. "దిగకపోతే రేపట్నించి ఈ చరియ వైపు రావద్దు!"

ఓబులమ్మకు అన్న గుర్తొచ్చాడు. అయినా తగ్గలేదు. "పని పోతే ఆకులు దిని బతుకుతా దొరా. నడుం పోతే ఆ ఆకులు ఎవరు తెస్తారు? సంతకాలు పెట్టినోళ్ళనే దిగమనండి."

చిలక తనకు రెక్కలున్నాయంది. జింక తనకు చేతుల్లేవంది. తాబేలు తల బయటికే రాలేదు. కొంగ కాలు మార్చుకుంది.

నక్క దొర చెవిలో ఊదింది. "పట్టా చేజారిపోయేలా ఉంది. మీరే దిగండి. మూడు సంతకాలున్న తీగ తెగినట్టు నేనింతవరకు ఏ దస్త్రంలోనూ చదవలేదు. కుండ అందుకోవడానికి కింద నేనుంటాను."

"వద్దు దొరా! నా మాటినండి, మీ బరువుకు అది ఆగదు" అని ఓబులమ్మ తీగకు అడ్డం నిలబడింది. గుబురప్ప ఆమెను పక్కకు నెట్టి దిగాడు. పాపం, ఆయన దస్త్రాన్ని నిజంగానే నమ్మాడు. పట్టు కోసి, కుండ నింపి, ఇంకో మూడు నిలువులు దిగితే నేల అందుతుందనగా తీగ ఫట్మంది.

దొర కాలు విరిగింది. తేనె మట్టిపాలైంది. కుండ పగిలి, మిగిలింది వాగులో కలిసి, మూడు రోజులపాటు వాగు జిగటగా పారింది. నక్క సలహా ఇవ్వడానికి వచ్చింది గానీ దొరకు పరుపుగా పనికొస్తానని అనుకోలేదు. నాణ్యత, పర్యావరణం, భద్రత మూడూ నిజంగా ఏకమైంది ఆ ఒక్క క్షణంలోనే.

కింద ఇద్దరూ మూలుగుతుంటే, పైన ముగ్గురూ సంఘటన ఏ గడిలో రాయాలని వాదించుకుంటున్నారు. ఓబులమ్మ ఎవర్నీ అడగలేదు. కొండముచ్చుల్ని వెంటేసుకుని పోయి ముదురు తీగ ఒకటి కోసుకొచ్చింది, రాతికి బిగించి కట్టింది, నలుగురి చేత లాగించి చూసింది, దిగింది. ఇద్దర్నీ పైకి చేర్చేసరికి ఆమె అరచేతులు ఒరుసుకుపోయాయి.

పొద్దుగూకేలోపు ముగ్గురూ ఒకే నివేదిక రాసి సంతకాలు పెట్టారు. కొంగ అది చదివి తీర్పు చెప్పింది. "ఇదివరకు ఇలాంటి ప్రమాదానికి మూడు నివేదికలు, మూడు నెలలు. మీరు ఒక్క కాగితంతో, ఒక్క పూటలో ముగించారు. భేష్! పట్టా ఇస్తున్నాను."

చెక్కబద్దల మధ్య పడుకున్న గుబురప్ప చప్పట్లు కొట్టబోయి మూలిగాడు.

"కాకపోతే ఒక్క లోపం" అంది కొంగ. "దస్త్రంలో తీగ మార్చనక్కర్లేదని ఉంది. చరియకు చూస్తే కొత్త తీగ వేలాడుతోంది. ఎవరి అనుమతితో?"

"దిద్దుబాటు ఎంతసేపండీ!" అంది నక్క, నడుం పట్టుకునే. "కొత్తది విప్పించి, తెగినదాన్ని ముడేసి కట్టిస్తాం. బాధ్యుల మీద చర్య కూడా తీసుకుంటాం."

"అవునవును, అవునవును" అంది చిలక.

ఓబులమ్మ తాబేలు వైపు చూసింది. తాబేలు మెల్లగా తల బయటికి పెట్టాడు, దొరను చూశాడు, మళ్ళీ లోపలికి లాక్కున్నాడు.

"మీరు కష్టపడొద్దు, నేనే విప్పుతా" అని ఓబులమ్మ కొత్త తీగ విప్పి, చుట్టచుట్టి భుజాన వేసుకుంది. అన్నను వీపున ఎక్కించుకుని అవతలి కొండకు నడిచింది. కొండముచ్చులన్నీ ఆమె వెనకే పోయాయి. గుబురప్ప కార్ఖానాలో ఇప్పుడు ప్రమాదాల్లేవు, కాలుష్యం లేదు, రుచిలో లోపం లేదు. తేనె కూడా లేదు. పట్టా మాత్రం గుమ్మానికి వేలాడుతోంది.

నీతి: తీగ తెగడం ప్రమాదం మాత్రమే, అడక్కుండా గట్టి తీగ కట్టడం నేరం.