వెలుగుతున్న మేయరు గారు

జురుతిమా పట్టణ పరిధిలో బార్బెయిరో పురుగు నేటినుంచి లేదని మేయరు అదెల్సిమార్ ఫుర్తాదో గారు సంతకం పెట్టి మరీ ప్రకటించారు. ఉన్న పురుగును మందు కొట్టి చంపడం ఎవరైనా చేస్తారు. ఒక్క కలంపోటుతో అసలు లేకుండా చెయ్యడానికి మహానుభావుడే కావాలి.

ఆ ప్రకటన రాసిపెట్టింది ఆయన ప్రచార అధికారి జెనివాల్. రాసింది తనే అయినా, మేయరు గారు చదువుతుంటే అతనికి ఒళ్లు పులకరించింది.

ప్రకటన అవసరం ఎందుకొచ్చిందంటే, నది ఎగువన మూడిళ్ల వాళ్లు ఆసాయి అనే ఊదారంగు అడవి పళ్ల రసం తాగి, జ్వరాలతో, ఉబ్బిన మొహాలతో మంచం పట్టారు. ఆ పురుగు పగలంతా చెట్ల మొవ్వుల్లో దాక్కుంటుంది. చీకటి పడగానే దీపాన్ని వెతుక్కుంటూ వస్తుంది. దీపం కింద ఆసాయి పళ్ల బుట్ట ఉంటే అందులో పడి, పళ్లతో పాటే మిషన్లో నలుగుతుంది. ఆ పచ్చి రసం తాగినవాడి ఒంట్లో రోగం చేరి, ఏళ్ల తరబడి గుండెను తినేస్తుంది. పచ్చి ఆసాయి తాగనివాణ్ణి జురుతిమాలో మనిషిగానే లెక్కెయ్యరు. అలాంటి ఊళ్లో జనం ముంత ఎత్తడానికి జంకుతున్నారు. వ్యాపారం పడుకుంది. ఎన్నికలేమో లేచి కూర్చున్నాయి.

రేవులో రసం అమ్మే డోనా నాజిల్డా ఒకనాడు ఆఫీసుకే వచ్చేసింది.

"మిషన్లో వేసే ముందు పళ్లని మరిగే నీళ్లలో ఓసారి ముంచి తీస్తే చాలంట నాయనా. రేవులో ఓ తొట్టి, ఓ పొయ్యి పెట్టించు. మా మరిది ఇదే రోగంతో గుండె వాచి పోయాడు. ఆ బాధ నేను చూశాను."

"తొట్టా!" అన్నారు మేయరు గారు జాలిగా. "తొట్టిని ఎవరమ్మా ఫొటో తీసేది?"

"దాని మీద నీ బొమ్మ వేయించుకో, ఎవరొద్దన్నారు?"

బొమ్మ అన్న మాట మాత్రం మేయరు గారికి బాగా ఎక్కింది. తొట్టికి వెళ్లాల్సిన సొమ్ముతో, పళ్ల బుట్టలు దించే రేవు మీదే బ్రహ్మాండమైన లైట్ల తోరణం కట్టించారు. దాని మధ్యలో, అవతలి ఒడ్డుకి కూడా కనబడేలా, బల్బులతో ఆయన మొహం. "చీకటి ఉన్నచోటే అనుమానాలుంటాయి" అని సెలవిచ్చారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది జెనివాలే.

"ప్రారంభోత్సవంలో ఓ చిన్నపిల్లతో కలిసి నేను పచ్చి ఆసాయి తాగుతాను. ఎవరి పిల్ల ఉందయ్యా?"

"మా తాయానీ ఉంది సార్! ఆరేళ్లు. ముందు పళ్లు ఊడిపోయాయి. ఫొటోలో అదిరిపోద్ది!" అనేశాడు జెనివాల్.

ప్రారంభోత్సవం నాటికి రేవులో తోరణం కింద బుట్టలు బారులు తీరాయి. పొద్దుగూకగానే మేయరు గారు మీట నొక్కారు. ఆకాశంలో ఆయన మొహం ధగధగ వెలిగింది. ముక్కు దగ్గర రెండు బల్బులు మాత్రం వెలగలేదు.

ముందు ఎడమ బుగ్గ మీద ఒకటి వాలింది. తర్వాత పై పెదవి దగ్గర పదో పన్నెండో. పుట్టి బుద్ధెరిగాక మీసం పెంచని మేయరు గారికి చూస్తుండగానే దట్టమైన మీసం మొలిచింది. ఆ మీసం కాసేపటికి టపటపా బుట్టల్లోకి రాలడం మొదలైంది.

"ఒరే జెనివాలూ! అవేంట్రా రాలుతున్నాయి?" అని కేకేసింది నాజిల్డా.

జెనివాల్ చేతిలో మైకు, జేబులో ప్రకటన ఉన్నాయి. "సీతాకోకచిలుకలు!" అన్నాడు. "మన మేయరు గారి అభివృద్ధిని చూసి మురిసి, అడవితల్లి పంపిన సీతాకోకచిలుకలు!"

బ్యాండు మోగింది. "నీ నోట్లో దూరితే తెలుస్తుంది ఏ చిలుకో!" అని తిట్టి, నాజిల్డా తన మిషను కట్టేసి వెళ్లిపోయింది. పక్క కొట్టువాడు సంతోషంగా తన మిషను తిప్పాడు.

వేదిక వెనక మేయరు గారి డ్రైవరు ఫ్లాస్కు తెరిచి ఒక ముంతలోకి రసం వంపుతుండగా జెనివాల్ చూశాడు.

"అదేంట్రా?"

"అయ్యగారిది. రాజధాని నుంచి తెప్పిస్తాం. వేడినీళ్లలో ముంచిన పళ్లతో చేసి, సీలేసింది. ఇంట్లో ఎప్పుడూ ఇదేగా!"

"మరి రెండో ముంత?"

"రేవుదే. మీ పాపకి."

డ్రైవరు రెండు ముంతలూ తీసుకెళ్లి వేదిక మీది బల్లపై పెట్టేశాడు. అంత భయం జెనివాల్ జన్మలో ఎరగడు. తాయానీ అప్పటికే ముంతలున్న బల్ల మీదికి రెండు చేతులూ చాస్తోంది. "ఒక్క క్షణం! ఫొటోకి వెలుతురు చాలట్లేదు" అంటూ అతను వేదిక మీదికి ఉరికి బల్లను గిర్రున తిప్పాడు. మేయరు గారి ముంత పాప ముందుకి వచ్చింది, పాపది మేయరు గారి ముందుకి వెళ్లింది.

ఇద్దరూ ఎత్తి తాగారు. మేయరు గారు లొట్టలేసి, "ఆహా! ఇదయ్యా రుచంటే! ఎన్నాళ్లయిందో!" అని ఇంకో ముంత అడిగి తాగారు. అది చూసి జనం ముంతలు పట్టుకుని వరస కట్టారు. వాళ్లకి చెప్పాలని మాట జెనివాల్ నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. సిగ్గుతో చస్తూనే, ఊదారంగు మూతితో నవ్వుతున్న కూతుర్ని ఎత్తుకుని ఇంటికి పరిగెత్తాడు.

రెండు వారాలకి మేయరు గారి మొహం తోరణం మీది మొహంలా ఉబ్బింది. ఆసుపత్రిలో మంచాలన్నీ ఆ రోజు వరసలో నిలబడ్డవాళ్లతోనే నిండిపోయి ఉన్నాయి.

"మందేదయ్యా డాక్టరూ?" అని మూలిగారాయన.

"పురుగే లేని ఊరికి మందెందుకని మీరే వెనక్కి పంపించేశారు సార్. మళ్లీ అడిగాం. పడవలో వస్తోంది."

డాక్టరు వెళ్లాక కిటికీ అద్దం మీద టపీమని ఏదో వాలింది.

"ఏంట్రా అది?"

"సీతాకోకచిలుక సార్" అన్నాడు జెనివాల్.

మేయరు గారు లేచి కూర్చున్నారు. కిటికీలోంచి రేవు, రేవు మీద తోరణం, తోరణం కింద అప్పుడే దించుతున్న పళ్ల బుట్టలు కనబడుతున్నాయి.

"ఆ లైట్లు ఆర్పించు! ఇప్పుడే!"

జెనివాల్‌కి ప్రాణం లేచొచ్చినట్టయింది. "చిత్తం సార్, ఇప్పుడే వెళ్లి ఆర్పిస్తా" అని గుమ్మం దాకా పరిగెత్తి, అలవాటు కొద్దీ ఒక్క మాట అన్నాడు. "కాకపోతే ఇహ మీ మొహం ఎవరికీ కనబడదు సార్."

మేయరు గారు జ్వరపు కళ్లతో తోరణం వంక చాలాసేపు చూశారు.

"ఆ ముక్కు దగ్గర రెండు బల్బులు వెలగట్లేదు చూశావా?" అన్నారు. "అవి మార్పించు."