నూట పన్నెండో పేజీ

1970 అక్టోబరులో ఉత్తర ఇంగ్లండ్‌లోని హార్థ్‌వెయిట్ పట్టణపు మగవాళ్ళకు ఉన్నట్టుండి సాహిత్యం మీద మమకారం పుట్టింది. లండన్ నుంచి వచ్చే ఒక పురుషుల మాసపత్రిక గంటన్నరలో అమ్ముడైపోయింది. దుకాణదారు అడగకపోయినా, వ్యాసాల కోసమేనని చెప్పి మరీ కొన్నారు.

ఆ సంచిక మధ్యలో మూడు మడతల బొమ్మ ఉంది. బొమ్మలోని మనిషి ఏవ్రిల్ టాటర్సాల్, ఆ ఊరి గ్రంథాలయంలో పుస్తకాల మీద ముద్ర వేసే అమ్మాయి. బొమ్మ వెనక ఒక కథ ఉంది. అదీ ఆమె రాసిందే.

ఆ కథను ఆరు పత్రికలు తిప్పి పంపాయి. ఏడో పత్రిక సంపాదకుడు ఆమెను పిలిపించి, మఖ్మల్ కోటు సవరించుకుంటూ ఉపన్యసించాడు: "కాలం మారిందమ్మాయ్! స్త్రీ సంకెళ్ళు తెంచుకుంటోంది. అందులో మా పత్రికది ఉడతా సాయం. ముందు నువ్వు స్వేచ్ఛ పొందు. నీ కథ దానంతటదే అచ్చవుతుంది."

స్వేచ్ఛ పొందడానికి పావుగంట పట్టింది. స్టూడియోలో బాగా చలిగా ఉంది.

కథ గురించి ఎవరైనా ఒక్క మాట అంటారేమోనని ఏవ్రిల్ ఎదురుచూసింది. మంగలి క్లెగ్ నడివీధిలో టోపీ తీశాడు. "అమోఘం పిల్లా! ఏం వర్ణన, ఏం వర్ణన!" కథలో వర్ణన ఒక్క వాక్యం కూడా లేదు.

గ్రంథాలయ కమిటీ విచారణ జరిపింది. సాక్ష్యాధారమైన సంచికను ఏడుగురు సభ్యులూ తలా ఒక వారం ఇంటికి తీసుకెళ్ళి, ఎంతో మనస్తాపంతో పరిశీలించారు. ఎనిమిదో వారం ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు.

"మరి కథ?" అని అడిగింది ఏవ్రిల్.

"ఏ కథ?" అన్నాడు అధ్యక్షుడు.

ఇక మిగిలింది ఏవ్రిల్ అద్దెకుంటున్న ఇంటావిడ మిసెస్ హెస్కెత్. తన తమ్ముడి కోటులో దొరికిన బొమ్మను ఆవిడ తగలబెట్టబోయింది. అంత దళసరి కాగితం వృథా చెయ్యబుద్ధి కాక, బొమ్మను బోర్లించి చెంచాల సొరుగులో పరిచింది.

"శనివారానికి గది ఖాళీ చెయ్యి. ఇది మర్యాదస్తుల ఇల్లు."

ఏవ్రిల్ తలూపి మెట్లెక్కబోయింది.

"ఆగు. ఆ పడవ ముసలాడు తిరిగొచ్చాడా?"

ఏవ్రిల్ నిలబడిపోయింది.

"చెంచా తీసినప్పుడల్లా చదివి చస్తున్నా. వాణ్ణి తుఫాన్లో వదిలేసి 'మిగతా నూట పన్నెండో పేజీలో' అంటావా, బుద్ధుందా నీకు? తమ్ముణ్ణి అడిగితే అలాంటి పేజీయే లేదంటాడు!"

ఏవ్రిల్ మెట్టు మీద కూలబడి, కళ్ళు తుడుచుకుని, మిగతా కథంతా చెప్పింది. ఇంటావిడ టీ చల్లారబెట్టుకుని వింది.

"బావుంది," అంది చివరికి. "శనివారం మాత్రం శనివారమే."

ఏవ్రిల్ వెళ్ళిపోయాక పట్టణంలో నీతి మళ్ళీ నెలకొంది. ఆ సంచికలు పరుపుల కింద, పనిముట్ల పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. మధ్యబొమ్మ మడతల దగ్గర చిరిగి, అతుకులేయించుకుంది. నూట పన్నెండో పేజీ అచ్చయిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

ముసలాడు ఏమయ్యాడో ఇక్కడా రాయలేదు. బొమ్మ ఎలా ఉందో కూడా రాయలేదు. ఈ రెండింటిలో ఏది లేదని ముందు వెలితి అనిపించిందో, ఆ సంగతి మీకే తెలియాలి.